కుట్టేసిన జేబులు

మా వాడి బట్టలకున్న జేబులన్నీ కుట్టేసింది నేనే. ఎవరో చెబితే చేసిన పని కాదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. నాలుగు నెలల తరవాత వాడు చికిత్సా కేంద్రం నుంచి ఇంటికి వస్తున్నాడనగా, ముందురోజు, బీరువాలో ఉన్న ఆరు ప్యాంట్లు, తొమ్మిది చొక్కాలు, ఒక చలికోటు నేల మీద కుప్ప పోసుకుని కూర్చున్నాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయింది. పైపై కుట్టు కాదు. దారం రెండు పేటలు చేసి, ముందుకీ వెనక్కీ రెండు వరసలు. కోటుకు ఎడమవైపు లోపల ఇంకో జేబు ఉంటుంది. చాలామందికి అది గుర్తుండదు. నాకు గుర్తుంటుంది. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనే అది.

బట్టలు సరిచేసే దుకాణంలో పని నాది. మేం కొత్తవి కుట్టం. పొడుగైన ప్యాంటు కురచ చెయ్యడం, బిగుతైన నడుము వదులు చెయ్యడం, పాడైన జిప్పు తీసి వేరేది వెయ్యడం, ఇంతే. మా మాస్టారు పెట్టిన నియమం ఒకటుంది. బట్ట చేతికి రాగానే, తెచ్చినవాళ్ళు ఎదురుగా ఉండగానే, జేబులన్నీ తిరగేసి చూడాలి. వాళ్ళు వెళ్ళిపోయాక ఏదైనా దొరికితే చిన్న కాగితం కవరులో వేసి, చీటీ నంబరు రాసి, గుండుసూదితో ఆ బట్టకే గుచ్చాలి. మడతపెట్టిన కాగితమైతే విప్పకూడదు. పనికిమాలినదని పారెయ్యకూడదు. సొంతదారు వచ్చాక అతని చేతికే ఇవ్వాలి. ఇన్నేళ్ళలో నా చేతికి ఉంగరాలు దొరికాయి, పాలపన్ను దొరికింది, ఒకాయన జేబులో బతికున్న తాబేలుపిల్ల దొరికింది. దానికి కూడా మాస్టారు చీటీ నంబరు వేశారు.

ఈ అలవాటే ఇంటికీ వచ్చింది. మూడేళ్ళ కింద ఒక ఆదివారం మా వాడి ప్యాంటు ఉతకబోతూ జేబు తిరగేస్తే నాలుగు మాత్రలు అరచేతిలో పడ్డాయి. వాడికప్పుడు పంతొమ్మిది. గిడ్డంగిలో సరుకు ఎక్కించే పనిలో ఉండేవాడు. తలనొప్పికి అన్నాడు. నేను నమ్మాను. నా సంగతి తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. నేను దేనికైనా చెడే ముందు ఊహించే మనిషిని. పొద్దున్నే ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. మా ఆయన పది నిమిషాలు ఆలస్యమైతే ఏ లిఫ్టులోనో ఇరుక్కుపోయారనుకుంటాను. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, ఇరుక్కుంటే బయటికి రావడం ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, కానీ ఆ సంగతి నాకు ఆ సమయంలో తట్టదు. అలాంటి దాన్ని, భయపడాల్సిన ఒక్కచోట మాత్రం భయపడలేదు.

మేలుకుని ఉండడానికి కొన్ని, నిద్రపోవడానికి కొన్ని, ఆ తరవాత ఏమీ తెలియకుండా ఉండడానికి కొన్ని. వాడు ఎలా మారాడో, ఎన్ని అబద్ధాలాడాడో అవన్నీ రాయను. ఒక్కటి చెప్తాను. మా కింది వాటాలో మా ఆయన అక్క, అంటే మా వదిన ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం పైన స్నానాలగదిలో నీళ్ళు ఆగకుండా పడుతున్న చప్పుడు వినిపించి, “ఏం మరదలా, పడవలు నడుపుతారా పైన” అని దెప్పడానికే మెట్లెక్కి వచ్చిందట. నేను దుకాణంలో ఉన్నాను. తలుపు కొట్టింది, పలకలేదు. అరవై ఏళ్ళ మనిషి భుజంతో గడియ ఊడగొట్టింది. పెదాలు నల్లబడి నేల మీద పడి ఉన్నవాణ్ణి పక్కకు తిప్పి, ఆంబులెన్సు వచ్చేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఆ భుజం ఇప్పటికీ సరిగ్గా పైకి లేవదు. బట్టలు ఆరేసేటప్పుడు ఆవిడ చెయ్యి సగంలో ఆగిపోతే నేను తలతిప్పుకుంటాను. ఆవిడ నన్ను ఎన్ని మాటలన్నా పడతాను.

సరే, జేబుల దగ్గరికి వస్తాను.

వాడు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ప్యాంటు వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకోబోయాడు. చెయ్యి జారిపోయింది. ఇంకోపక్క చూశాడు. వెనక చూశాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. తరవాత నావైపు చూశాడు. నేను గిన్నె తోముతూనే ఉన్నాను. వాడు అరిస్తే అరవనీ అనుకున్నాను, సమాధానం కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను. వాడు అరవలేదు. “అమ్మా, ఏదైనా తాడు ముక్క ఉందా” అని అడిగాడు. నాడా ముక్క ఇచ్చాను. తాళంచెవి దానికి కట్టుకుని బడిపిల్లాడిలా మెళ్ళో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి బస్సు పాసు చేత్తో పట్టుకునే తిరిగాడు. ఒక్కరోజూ అడగలేదు, విప్పమని. ఫోనులో పాత స్నేహితుల నంబర్లున్నాయని అది కూడా వాడే వాళ్ళ నాన్న చేతికిచ్చేశాడు.

కేంద్రంలో మేడమ్ ఒకావిడ ఉండేది, మాతో కూడా కూర్చుని మాట్లాడేది. ఆవిడే చెప్పి వాణ్ణి కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి పెట్టించింది. కళ్ళజోడు అద్దాలు ఫ్రేముకు సరిపోయేలా అంచులు అరగదీసే పని. ఓపిక ఉండాలి, చెయ్యి వణకకూడదు. మొదటి రెండు నెలలు వాడి చెయ్యి వణికేది. ఆ షాపాయన పగిలిన అద్దాలిచ్చి నేర్చుకోమన్నాడు తప్ప పొమ్మనలేదు. ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. కానీ ఆ పనిలో తెల్లటి పొడి రాలుతుంది, చొక్కా చేతుల మడతల్లో చేరుతుంది. మొదటివారం ఆ పొడి చూసి నాకు పాత అనుమానమే వచ్చింది. చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే వదిన గుమ్మంలో నిలబడి చూసింది.

“పోలీసు కుక్కకైనా వారానికో సెలవుంటుంది మరదలా,” అంది.

నేను చొక్కా బకెట్లో పడేశాను.

మా మాస్టారు వాణ్ణి నిచ్చెన అని పిలుస్తారు. ఆరడుగుల పైనే ఉంటాడు, దుకాణంలో పై అరలోని దారపు పెట్టెలు స్టూలెక్కకుండా అందుకుంటాడని. అప్పుడప్పుడూ సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. ఒకసారి వాడు రెండు చేతుల్లో బస్సు పాసూ టిఫిను డబ్బా పట్టుకుని, మెళ్ళో తాళంచెవితో నిలబడి ఉంటే మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. ప్యాంటు జేబు దగ్గరి కుట్టు చూశారు. అది ఎవరి చేతి కుట్టో ఆయనకు ఒకరు చెప్పాలా. వాడి ముందు ఏమీ అనలేదు. మర్నాడు ఒక కొత్త కోటు నా ముందు వేశారు, చేతులు కురచ చెయ్యాల్సినది. కొత్త కోట్లకు జేబులు టాకా, అంటే వదులు కుట్టు, వేసి వస్తాయి, షాపులో వేలాడేటప్పుడు సాగిపోకుండా. కొన్నవాళ్ళు ఆ దారం తెంపేసుకుంటారు.

“టాకా ఎందుకేస్తారో నీకు తెలుసు గదమ్మా,” అన్నారు. “మన నిచ్చెన ఇంకా షాపులోనే వేలాడుతున్నాడా?”

నాకు కోపమొచ్చింది. ఆ రోజంతా ఆయనతో ముభావంగా ఉన్నాను. పిల్లల్ని పెంచినవాళ్ళకి తెలుస్తుంది గానీ బట్టలు పెంచినవాళ్ళకి ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఆయనకు పిల్లల్లేరు. ఆ మాట పైకి అనలేదు, అందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

అలా ఐదు నెలలు గడిచాయి. అప్పుడొచ్చింది ఆ గురువారం.

ముందురోజు వాన పడింది. పొద్దున వాడు స్నానం చేస్తుంటే బూట్లు తడిసి ఉన్నాయేమో, ఆరబెడదామని తీశాను. నిజం చెప్పాలంటే ఆరబెట్టడానికి మాత్రమే తియ్యలేదు. నాకు బట్టల సంగతే గానీ బూట్ల సంగతి తట్టలేదే అని ఆ క్షణంలో అనిపించింది. లోపలి మెత్త లేపి చూశాను. కుడి బూటులో, మడమ కింద, చిన్న ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పొట్లం. బొటనవేలి గోరంత. ఎన్నో మడతలు పెట్టి, చెమటకి వానకి తడవకుండా జాగ్రత్తగా చుట్టి ఉంది.

విప్పలేదు. తిన్నగా మరుగుదొడ్డిలోకి వెళ్ళి అందులో పడేసి నీళ్ళు వదిలాను. ఒకసారికి పోలేదు. రెండోసారి వదిలాను. తరవాత మెత్త మళ్ళీ సర్ది, బూట్లు ఎక్కడివక్కడ పెట్టి, వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాను. వాడు తల తుడుచుకుంటూ వచ్చి, బూట్లు తొడుక్కుని, “వెళ్ళొస్తానమ్మా” అన్నాడు. అన్ని రోజుల్లాగే అన్నాడు. ఆ మాట అంత మామూలుగా అనగలిగాడే అని నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాక అడగాలి అనుకున్నాను. దుకాణానికి వెళ్ళాను గానీ మనసు మనసులో లేదు. ఒక బ్యాంకు ఆయన ప్యాంటు రెండు కాళ్ళూ అంగుళం తగ్గించాల్సింది. ఒకే కాలు రెండుసార్లు తగ్గించాను. మాస్టారు దాన్ని ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, “ఈయన మెట్ల మీద నిలబడే వేసుకోవాలి” అన్నారు. నేను నవ్వలేదు. ఆయన ప్యాంటు పక్కన పెట్టేశారు. టీ తెప్పించారు.

మూడున్నరకి దుకాణం ఫోను మోగింది. కళ్ళజోళ్ళ షాపాయన. మీ అబ్బాయి అక్కడికి వచ్చాడా అన్నాడు. ఎవరో కుర్రాడు విరిగిన ఫ్రేము పట్టుకుని వచ్చాడట, ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారట, అతను వెళ్ళాక మా వాడి ముఖం పాలిపోయిందట. పది నిమిషాల్లో వస్తానని వెళ్ళి గంట దాటిందట. అద్దాలు సగం అరగదీసి యంత్రం దగ్గరే వదిలేశాడట.

నేను ఏప్రన్ విప్పి పడేసి పరిగెత్తాను. ఏప్రన్ జేబులోనే నా ఫోను ఉందన్న సంగతి చాలాసేపటిదాకా నాకు తెలియలేదు.

ఇల్లు తాళం వేసి ఉంది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు లేదు. లేదని ఊరట పడాలో భయపడాలో తెలియలేదు. నా ముఖం చూసి వదిన ఏమీ అడగకుండానే చెప్పులేసుకుంది. ఒక కాలికి ఆవిడది, ఒక కాలికి వాళ్ళ పక్కింటావిడది. ఇద్దరం పాత గిడ్డంగి వెనక సందుకి వెళ్ళాం. సైకిళ్ళ షెడ్డు వెనక చూశాం. బస్సుల షెల్టరు కింద ఎప్పుడూ కూర్చునే ఇద్దరు కుర్రాళ్ళున్నారు, మూడేళ్ళ కింద మా ఇంట్లో భోజనం చేసినవాళ్ళే. వాళ్ళని అడిగితే తల అడ్డంగా ఊపారు. వాళ్ళలో ఒకడి చేతుల మీద ఎముకలు తేలి ఉన్నాయి. వీళ్ళమ్మ ఎక్కడ వెతుకుతోందో అనిపించింది. ఆసుపత్రి అత్యవసర విభాగం దాకా వెళ్ళాం. కిటికీ దగ్గరమ్మాయి పుస్తకం అంతా చూసి, ఆ వయసువాళ్ళెవరూ రాలేదమ్మా అంది. ఆ అమ్మాయి రెండోసారి కూడా చూసింది, నేను అడగకుండానే.

దారంతా వదిన ఒక్క వెటకారం ఆడలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి నా వీపు నిమురుతుంటే పొట్లం సంగతి చెప్పేశాను.

“ఏముంది అందులో?” అంది వదిన.

“ఏముంటుంది వదినా.”

“అది కాదు. నువ్వు చూశావా అని.”

చూడలేదన్నాను. అప్పుడే ఆవిడ ఫోను మోగింది. మా ఆయన. ఆయన ఎప్పటిలాగే ముక్కలు ముక్కలుగా చెప్పారు. మాస్టారు నీ ఫోనుకి చేస్తే అది ఆయన పక్కనే మోగుతోందట. వాడు దుకాణంలో ఉన్నాడు. వచ్చి చాలాసేపయింది. నీ స్టూలు మీదే కూర్చున్నాడు.

నేను ఊరంతా వాడి కోసం తిరుగుతుంటే వాడు నా కోసం వచ్చి కూర్చున్నాడు. మేమిద్దరం ఎక్కడో ఎదురుపడకుండా దాటిపోయి ఉంటాం. నేను స్టూలు మీదే ఉండి ఉంటే వాడు రాగానే కనిపించేదాన్ని. నేను లేని ఆ గంటలో మాస్టారు వాడి ముఖం చూసి, సరే అమ్మ లేదు మళ్ళీ రా అని పంపించేసి ఉంటే?

పంపలేదు. మేం వెళ్ళేసరికి మా వాడు నా మిషను ముందు వంగి కూర్చుని, కుట్లు విప్పే చిన్న కత్తితో, నేను పాడుచేసిన ఆ ప్యాంటు కాలే విప్పుతున్నాడు. పక్కన ఇంకో మూడు విప్పి మడతపెట్టి ఉన్నాయి. ఒక్క పోగు చీల్చకుండా. అద్దాల పనిలో పట్టుబడ్డ చెయ్యి అది.

“నువ్వు లేకపోయినా పనేం ఆగలేదమ్మా,” అన్నారు మాస్టారు. “నీకంటే నెమ్మదే గానీ, ఒకే కాలు రెండుసార్లు విప్పడు.”

నేను వాడి ముఖం చూశాను. కళ్ళు చూశాను. ఇన్నాళ్ళలో ఆ కళ్ళు చదవడం నాకు వచ్చేసింది. ఏడ్చిన కళ్ళే గానీ, మాత్రలు వేసుకున్న కళ్ళు కావు.

మాస్టారు బల్ల మీద నుంచి ఒక కాగితం కవరు తీసి వాడి ముందు పెట్టారు. జేబుల్లో దొరికినవి వేసే కవరే. పైన ఆయన గుండ్రటి అక్షరాలతో ‘నిచ్చెన’ అని రాసి ఉంది. వాడొచ్చినప్పుడు కుడి పిడికిలి బిగించి ఉన్నాడట. చేతిలోది ఇందులో వెయ్యి, మీ అమ్మ వచ్చాక నువ్వే ఇద్దువుగాని అన్నారట. అంతకుమించి ఆయన ఏమీ అడగలేదు.

వాడు కవరు నాకిచ్చాడు. “అమ్మా, విప్పి చూడు,” అన్నాడు.

మూడు మాత్రలున్నాయి. చెమటకి తడిసి, రంగు కరిగి ఉన్నాయి. వాడి అరచేతిలో నీలం మరక ఇంకా ఉంది.

“ఫ్రేము తెచ్చినవాడు చేతిలో పెట్టాడు. వద్దనేలోపే మూశాను పిడికిలి. తరవాత తెరవడం రాలేదు. జేబు లేదు కదా, అలాగే పట్టుకుని నడిచాను బజారంతా. పారేద్దామనీ అనిపించింది, నోట్లో వేసుకుందామనీ అనిపించింది. ఎటు వెళ్ళాలో తెలియలేదు. నువ్వు ఇక్కడ ఉంటావని వచ్చాను.”

వాడు అంత పొడుగు మాట మాట్లాడి ఏళ్ళయింది. నేను ఏదో అనబోయాను, వాడు ఆపలేదు.

“ఇలాంటప్పుడు ఫోను చెయ్యమని మేడమ్ కాగితం మీద నాలుగు నంబర్లు రాసిచ్చిందమ్మా. ఎప్పుడూ ఒంటి మీద ఉండాలంది. జేబుల్లేవు కదా, బూటులో పెట్టుకునేవాణ్ణి. ఇవాళ షాపు వెనక్కి వెళ్ళి చూసుకుంటే లేదు. ఎక్కడో పారేసుకున్నాను. అదొక్కటీ కూడా జాగ్రత్త పెట్టుకోలేకపోయాను. నేనింతే.”

దుకాణంలో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. వదిన గోడకున్న దారపు కండెల వైపు చూస్తూ నిలబడింది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. ఆవిడ చెప్పేది కాదు. వాడు పారేసుకున్నాననే అనుకునేవాడు, రేపు మేడమ్ ఇంకోటి రాసిచ్చేది. మూడేళ్ళు వాణ్ణి నిజం చెప్పరా, నిజం చెప్పరా అని పీడించిన నోరు నాది. ఆ నోటికి ఇప్పుడు తడి ఆరిపోయింది. నిజం చెబితే వాడు లేచి ఆ తలుపు తీసుకుని వెళ్ళిపోతాడేమో, ఈసారి తిరిగి రాడేమో అనిపించింది. కానీ ‘నేనింతే’ అన్న ఆ మాట వాడి దగ్గర ఉండనిస్తే దాన్ని కూడా ఎక్కడో దాచుకుని తిరుగుతాడు.

“నువ్వు పారేసుకోలేదు నాన్నా. నేనే పారేశాను. పొద్దున నీ బూట్లో తీసి.”

వాడు వంగి తన బూటు వైపు చూశాడు.

“విప్పి చూళ్ళేదా?”

“లేదు.”

“ఎందుకమ్మా?”

“చూస్తే నిజమైపోతుందని.”

వాడు కత్తి మిషను మీద పెట్టి లేచాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే కదలబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. “ఉండమ్మా. ఎక్కడికీ పోలేదు. అడుగో.” అద్దంలోంచి వాడి వీపు కనిపిస్తోంది. కాలిబాట మీద నిలబడ్డాడు. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బస్సు వెళ్ళిపోయాక కూడా వాడు అక్కడే ఉన్నాడు. ఆ వీపుకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

అటునుంచి మా ఆయన వచ్చారు, గ్రీజు మరకల చొక్కాతోనే. ఇరవై రెండేళ్ళలో పనివేళ ఆయన మా దుకాణానికి రావడం అదే మొదలు. వాడి పక్కన నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తరవాత అడిగితే, “టీ తాగుదామా అన్నాను, అంతే” అన్నారు. తండ్రీకొడుకులిద్దరూ లోపలికి వచ్చారు. వాడు నన్ను చూడలేదు. కవరు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని, వెనక చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి నడిపించాడు. మాత్రలు వాడే వేశాడు. కుళాయి నన్ను తిప్పమన్నాడు. నీళ్ళు నీలంగా పోయి, తరవాత తెల్లగా పోయాయి.

తిరిగొచ్చి నా స్టూలు మీదే కూర్చుని, కత్తి తీసుకుని, తను వేసుకున్న ప్యాంటు జేబు దగ్గర మొదలుపెట్టాడు. చాలాసేపు కష్టపడ్డాడు. రెండు పేటల దారం, రెండు వరసలు.

“ఎంత గట్టిగా కుట్టావమ్మా,” అన్నాడు చివరికి. “ఇది పారాచ్యూట్‌కి వెయ్యాల్సిన కుట్టు.”

ముందు నవ్వింది వదిన. ఆ నవ్వు కోసమే కాచుకున్నట్టు మాస్టారు మిషను తొక్కడం మొదలుపెట్టారు.

అన్నీ ఒక్కరోజులో సర్దుకున్నాయని అనను. ఆ వారం వాడు నాతో ముక్తసరిగానే ఉన్నాడు. బూట్లు తన గదిలో పెట్టుకున్నాడు. నేను అడగలేదు. ఆదివారం మిగిలిన బట్టలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. నాకిప్పుడు నల్లదారం మీద చూపు ఆనడం లేదు, వాడే విప్పాడు, నేను పోగులు ఏరాను. కోటు లోపలి జేబు నేను చెబితే గానీ వాడికి గుర్తులేదు. చెప్పాలా వద్దా అని ఒక నిమిషం ఊగిసలాడి చెప్పాను. ఆ తరవాతి వారం నన్ను షాపుకి తీసుకెళ్ళి కళ్ళు పరీక్ష చేయించి, అద్దాలు తనే అరగదీసి కళ్ళజోడు పెట్టాడు. దానితోనే ఇది రాస్తున్నాను.

కుట్టేసిన జేబే వాణ్ణి కాపాడిందని వదిన అంటుంది. ఉంటే మాత్రలు జేబులోకి పోయేవి, జేబులోంచి నోట్లోకి పోయేవి అని ఆవిడ లెక్క. జేబుంటే కాగితం జేబులో ఉండేది కదత్తా అని మా వాడు అంటాడు. నేను ఇద్దరికీ తలూపుతాను. నాకు తెలిసింది ఒక్కటే. ఎటు వెళ్ళాలో తెలియనప్పుడు వాడి కాళ్ళు నా స్టూలు దగ్గరికి నడిచాయి. నేను అక్కడ లేకపోయినా నా వంతు ఇంకొకరు కూర్చుని ఉన్నారు. ఇంతకంటే ఏం కావాలి అని అడిగితే, నాకు ఇంకేమీ గుర్తు రాదు.

మేడమ్ నాలుగు నంబర్లూ మళ్ళీ చెప్పింది. వాడు రెండు కాగితాల మీద రాశాడు. రెండోది నాకిచ్చాడు. నాకెందుకురా అంటే, “నీకూ బుద్ధి సరిగ్గా లేనప్పుడు ఎవరికో ఒకరికి చెయ్యి, నా బూట్ల మీద పడకుండా” అన్నాడు. నా దానిలో అయిదో నంబరు కూడా ఉంది. కళ్ళజోళ్ళ షాపుది, వాడుండేది. ఏప్రన్ జేబులో ఫోను పక్కనే పెట్టుకున్నాను. రెండుసార్లు వాడుకున్నాను. రెండుసార్లూ మేడమ్ విసుక్కోలేదు.

ఇప్పుడు ఉతకాల్సిన బట్టలు ఇచ్చేముందు వాడే జేబులు తిరగేసి, ఖాళీ తెల్లగుడ్డ చెవుల్లా బయటికి వేలాడుతుండగా నా ముందు పడేస్తాడు. నేను అటు చూడనట్టు ఉంటాను. చూస్తాను.

సాయంత్రం ఆరున్నరకి కింద గేటు తెరుచుకుంటుంది. ఇదివరకు వాడు మెట్లెక్కే చప్పుడు నాకు తెలిసేది కాదు, మెళ్ళో తాడుకున్న తాళంచెవి చప్పుడు చెయ్యదు. ఇప్పుడు జేబులో చిల్లరతో కలిసి గలగలమంటుంది, ఒక్కో మెట్టుకీ ఒకసారి. నేను పొయ్యి దగ్గర నిలబడి లెక్కపెడతాను. నిన్న ఏడో మెట్టు దగ్గర ఆగిపోయింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. మెట్లు దిగుతున్న వదిన వాణ్ణి ఆపి, తన భుజం మీది నుంచి బట్టల బుట్ట దింపించుకుంటోంది. తరవాత మళ్ళీ గలగల, ఎనిమిది, తొమ్మిది, పది. నేను వెనక్కి వచ్చి, గరిటె కడిగి, వాడి కంచం పెట్టాను.